ఆయనకు సొంతూరు... ఇల్లాలికి, పిల్లలకు కొత్తూరు

మర్రిగూడ (నల్లగొండ జిల్లా): పట్నం పోయిన వారు మూటాముల్లె సర్దుకుని తిరిగి వస్తే మన ఊళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. 'మంచి పని చేసినవు, సొంతూరిని మించింది ఏమున్నది' అని ముఖాన అనేది ఒకటి. 'అక్కడ బతకలేక వచ్చిండు' అని వెనక అనేది ఇంకొకటి. ఈ రెండు మాటలూ ఆ ఇంటి మగమనిషిని గురించినవే. ఆయన వెంట వచ్చిన ఇల్లాలు ఏం వదులుకుని వచ్చింది, పిల్లలు ఏం పోగొట్టుకున్నారు అని అడిగేవారు తక్కువ. వచ్చిన కుటుంబం ఊళ్లో నిలిచేదీ నిలవనిదీ తేలేది మాత్రం వారి దగ్గరే.

సాగర్ రోడ్డు మీద మాల్ దాటి లోపలికి వచ్చే ఊళ్లలో ఒక ఊరిలో ఇలాంటి కుటుంబం ఉంది. 2022 జూన్‌లో హైదరాబాద్ శివారు మీర్‌పేట నుంచి వచ్చారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పేర్లు గానీ, ఊరి పేరు గానీ రాయవద్దని ఇంటివారు కోరారు. ఊళ్లో అందరికీ ఎరుకే, పేపర్లో ఎందుకన్నది వారి మాట. వారి కోరిక ప్రకారమే రాస్తున్నాం.

ఆయన పట్నం పోయింది 2004లో. వరసగా కరువు పట్టిన కాలమది. బోర్లు వట్టిపోయి, తోటలు ఎండి, ఈ ప్రాంతం నుంచి బస్సులకు బస్సులే పట్నం దారి పట్టాయి. ఎల్.బి.నగర్, హయత్‌నగర్, బి.ఎన్.రెడ్డి నగర్, మీర్‌పేట వైపు ఏ గల్లీలోకి వెళ్లినా నల్లగొండ జిల్లా యాస వినిపించడానికి కారణం ఇదే. ఇంటర్ చదివిన ఈయనకు కొత్తపేట పండ్ల మార్కెట్లో, ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాసే పని దొరికింది. మన బత్తాయి లారీలు దిగేది అక్కడే కనుక ఊరివారు నెలకు ఒకసారైనా కనబడేవారు. ఊరు దూరమైందన్న బెంగ ఆయనకు లేకపోయింది.

మూడేళ్లకు పెళ్లి అయింది. ఆమె పుట్టింది, పెరిగింది సైదాబాద్‌లో. అత్తగారి ఊరికి పండుగకు రావడం, రెండు రోజులుండి పోవడం తప్ప ఆమెకు పల్లె తెలియదు. మిషన్ కుట్టడం నేర్చుకుని ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుట్టేది. పనికి ఆ పూటే పైసలు చేతిలో పడేవి. ఇంటి అద్దె ఆయన జీతంలో, పిల్లల బడి ఫీజు ఆమె కుట్టుపనిలో వెళ్లేవి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ ఏడాది పట్నం శివార్లలోని అద్దె ఇళ్లు ఎలా ఖాళీ అయ్యాయో ఈ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ కుటుంబం మాత్రం అప్పుడు కదలలేదు. కూడబెట్టుకున్నది తింటూ పిల్లల చదువు కోసం అక్కడే పట్టుకుని కూర్చున్నారు. 2021లో కొత్తపేట మార్కెట్‌ను అక్కడి నుంచి ఎత్తివేసి విజయవాడ రోడ్డులోని బాటసింగారం తరలించారు. పండ్ల మార్కెట్‌కు తెల్లవారుజామునే చేరాలి. మీర్‌పేట నుంచి రోజూ అంత దూరం పోయి రావాలంటే పెట్రోలుకే సరిపోయేది. దానికి తోడు తండ్రి కాలం చేశారు. ఊళ్లో రెండెకరాల చేను, ఎకరం బత్తాయి తోట, పాత పెంకుటిల్లు, ఒంటరిగా తల్లి. ఇన్ని కలిసి ఆయన చేత నిర్ణయం చేయించాయి.

ఆమె చేత ఎవరూ ఏమీ చేయించలేదు. ఆమెకు చెప్పారు, అంతే. ఈ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఉన్నది ఉన్నట్టుగా చెప్పింది.

సంతకాల తిప్పలు

ముందుగా భూమి సంగతి. చేను తండ్రి పేరు మీదే ఉంది. అన్నదమ్ములిద్దరు, ఒక అక్క. తమ్ముడు ఊరు వదిలి చాలాకాలమైనా వాటా వాటాయే. అక్కకు పెళ్లప్పుడు పెట్టుపోతలు ఇచ్చాం కదా, ఆమె సంతకం ఎందుకని ఊళ్లో ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఈ సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆడబిడ్డకు ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం చట్టాన్ని సవరించింది 1985లో. అప్పటికే పెళ్లయిన వారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ దేశమంతటికీ వర్తించింది. చేతిరాతతో ఇంట్లో రాసుకున్న పాత కాగితాలు చూపి ఆడబిడ్డ సంతకం తప్పించుకోవచ్చనుకునే వారు తరవాత కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.

ఈయన అలా చేయలేదు. అక్కను పిలిపించి, బావను కూర్చోబెట్టి, అందరూ ఒప్పుకున్న మీదట విరాసత్ చేయించారు. అప్పటికి 2020 అక్టోబరులో వచ్చిన ధరణి నడుస్తోంది. వారసులందరి ఒప్పందం తీసుకుని స్లాట్ బుక్ చేసుకుంటే పని అయ్యేది, ఒక్కరు రాకపోయినా ఆగేది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఇప్పుడు విరాసత్‌కు తహసీల్దారు నోటీసులిచ్చి విచారణ జరిపే పద్ధతి పెట్టారు. పద్ధతి ఏదైనా ఇంట్లో మాట కలవకపోతే ఆఫీసులో పని కాదు. పట్నం నుంచి వద్దామనుకునేవారు సామాన్ల బండి మాట్లాడుకునే ముందు ఈ సంగతి తేల్చుకోవడం మేలు. పట్టా మారకపోతే రైతుబంధు పైసలు పడవన్నది అప్పట్లో ఆయన తొందర. ఆ పథకం ఇప్పుడు రైతుభరోసా అయింది, ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలని 2025 జనవరి 26న ప్రారంభించారు. పట్టాదారు పాసు పుస్తకం లేనివారికి అప్పుడూ ఇబ్బందే, ఇప్పుడూ ఇబ్బందే.

మిగతా కాగితాలు ఇంత కష్టం కాలేదు. రేషన్ ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు కనుక కార్డు మారేదాకా ఆగనక్కరలేకపోయింది. ఓటు మార్చుకోవడానికి 8వ నంబరు ఫారం సరిపోయింది. దీని మీద ఒక మాట. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు ఓటు ఇక్కడ, కాపురం అక్కడ ఉన్నవారి కోసం పోటీదారులు పట్నం గల్లీల్లో తిరిగారు. ఓటేసి సాయంత్రానికి తిరిగి పోయేవారికి జరిగిన మర్యాద, కాపురానికే వచ్చిన ఈ కుటుంబానికి ఊరు ఏనాడూ చేయలేదు.

ఆమె లెక్క

ఇంటి సంగతి చూద్దాం. పెంకుటిల్లు నాలుగు చోట్ల కురిసేది. స్నానానికి తడక చాటు. మరుగుదొడ్డి కట్టి ఉన్నా అందులో పొట్టు బస్తాలు పెట్టారు. అత్తమ్మ చెడ్డ మనిషి కాదు, కానీ ఆమెకు ఇవి లోటుగా కనపడలేదు. కోడలు మొదటి వారంలోనే బస్తాలు బయట పెట్టించి మరుగుదొడ్డి కడిగించింది. ఊళ్లో ఆమెకు 'పట్నం కోడలు' అన్న పేరు వచ్చింది అందుకే.

కుట్టు మిషన్ వెంట తెచ్చుకుంది. అయితే పల్లెలో జాకెట్ కుట్టించుకున్న వారు 'అక్కా, పత్తి అమ్మినంక ఇస్త' అంటారు. పత్తి ఏరేది దసరా దాటినాక. అప్పటిదాకా బాకీలు నోటు పుస్తకంలోనే. కూలి రేటు కూడా పట్నం రేటు కాదు. పోనీ, పత్తి ఏరడానికి పోదామంటే కిలోల లెక్క. చేయి తిరిగినవారు ఏరినంతలో ఆమె సగం కూడా ఏరలేకపోయేది. వేళ్లు కోసుకుపోయి రాత్రి మిషన్ మీద కూర్చోలేకపోయేది. మొదటి ఏడాది ఆ ఇంట్లో ఆమె చేతికి వచ్చిన సొంత పైసలు దాదాపు లేవు. పట్నంలో పిల్లల ఫీజు తానే కట్టిన మనిషి, ఇక్కడ నూనె ప్యాకెట్టుకు మగడిని అడగవలసి వచ్చింది. పల్లెకు వస్తే ఖర్చు తగ్గుతుందని అందరూ లెక్క చెబుతారు. అద్దె లేదు, కూరగాయలు పెరట్లో, పాలు ఇంట్లో. నిజమే. కానీ ఆ లెక్కలో ఇల్లాలి సంపాదన ఎంత పోయిందన్నది ఎవరూ తీసివేయరు.

నీళ్ల భయం మరొకటి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నీళ్లంటే ఏమిటో రాష్ట్రమంతా ఎరుగును. ఒంకరపోయిన కాళ్లతో, గార పట్టిన పళ్లతో ఒక తరమంతా కళ్ల ముందు ఉంది. ఆమె తల్లిగారి వైపు వారు 'ఆ నీళ్లు పిల్లలకు తాగిస్తవా' అని భయపెట్టారు. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో పెట్టారు. ఆ పిమ్మట ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి, ఇప్పుడు తాగేది అవే. అయితే పైపు పగిలినప్పుడో, కరెంటు లేనప్పుడో నల్లా రాదు. ఆ పూట అలవాటు చొప్పున బోరు నీళ్లు పట్టేవారున్నారు. కాచి తాగితే సరిపోతుందని కొందరి నమ్మకం. ఇది తప్పు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కనవుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. పళ్లు, ఎముకలు గట్టిపడే వయసు పిల్లలకు హాని ఎక్కువ. ఈ సంగతులు ఆరోగ్య ఉపకేంద్రంలో అడిగి తెలుసుకున్న ఆమె రెండు పెద్ద డ్రమ్ములు కొనిపించింది. నల్లా వచ్చిన రోజునే నింపి మూత పెడుతుంది. వంటకు కూడా అవే నీళ్లు. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు. మొదట్లో నవ్విన వాడకట్టువారిలో మూడిళ్లలో ఇప్పుడు డ్రమ్ములు కనబడుతున్నాయి.

బడి

అసలు చిక్కు పిల్లల దగ్గర వచ్చింది. బిడ్డ ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. మీర్‌పేటలో ప్రైవేటు ఇంగ్లీషు మీడియం. కరోనా ఏడాది ఫీజు బాకీ ఉందని అక్కడి బడివారు టి.సి. ఇవ్వలేదు. బాకీ కట్టాలంటే అప్పు చేయాలి. టి.సి. లేనిదే ఇక్కడ చేర్చుకోరన్న భయంతో జూన్‌లో పది రోజులు పిల్లలు ఇంట్లోనే ఉండిపోయారు. ఇలాంటి తల్లిదండ్రులు తెలుసుకోవలసింది ఒకటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు టి.సి. ఆలస్యమైందన్న సాకుతో చేరిక నిరాకరించకూడదు. ఈడుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి. మండల కేంద్రంలోని హైస్కూలు ప్రధానోపాధ్యాయులు చట్టం తెలిసినవారు కనుక అమ్మాయిని చేర్చుకున్నారు. టి.సి., ఆన్‌లైన్‌లో పాత బడి నుంచి పేరు తీయించడం తరవాత జరిగాయి.

అదృష్టవశాత్తూ ఆ ఏడే, 2022-23 నుంచే, రాష్ట్రంలో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తోటి పిల్లలు ఇంగ్లీషు పేజీ చూసి బెదిరితే ఈ అమ్మాయి తెలుగు పేజీ చూసి బెదిరింది. పట్నంలో తెలుగు ఒక్క సబ్జెక్టుగానే చదివింది. కొన్నాళ్లకు ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కూడబలుక్కున్నారు. వారు ఈమెకు తెలుగు చెప్పేది, ఈమె వారికి ఇంగ్లీషు చెప్పేది. ఇది ఏ పథకంలోనూ లేదు. బడి వరండాలో మధ్యాహ్న భోజనం తరవాత జరిగేది.

అయినా అమ్మాయి మొదటి ఏడంతా సరిగా మాట్లాడలేదు. ఊరి నుంచి హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. పొద్దున బస్సు ఉంటుంది, సాయంత్రం బడి విడిచే వేళకు ఉండదు. ఆటో దొరికితే ఆటో, లేదంటే నడక. మీర్‌పేటలో గల్లీ చివర బడి, దోస్తులు, వీధి దీపాలు. ఇక్కడ చీకటి పడితే గడప దాటొద్దంటారు. 'మా బాపుకు ఇది ఊరు, నాకు కాదు' అని తల్లితో అన్నదట. తల్లికీ అదే మాట మనసులో ఉంది కనుక ఏమీ అనలేకపోయింది.

బాబుకు ఇబ్బంది లేకపోయింది. ఊరి ప్రాథమిక పాఠశాలలో చేరిన నెలకే గోలీలాట, ఈత నేర్చాడు. ఆ బడికి కూడా వాడి అవసరం ఉంది. పిల్లలు ప్రైవేటు బస్సులెక్కి పోతుంటే ఊరి బడిలో సంఖ్య ఏటా తగ్గుతోంది. సంఖ్య తగ్గితే టీచరును వేరేచోటికి సర్దుతారు, టీచరు పోతే ఉన్న పిల్లలూ పోతారు. ఊరి బడి మూతపడకూడదని రచ్చబండ దగ్గర మాట్లాడే పెద్దల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఇక్కడ రాయనక్కరలేదు. పట్నం నుంచి వచ్చిన పిల్లవాడు మాత్రం ఆ బడిలో కూర్చున్నాడు.

2024 ఎండాకాలం

కుటుంబం తిరిగి పోవడానికి సిద్ధమైంది ఒక్కసారే. 2023లో వానలు సరిగా లేక, 2024 ఎండాకాలానికి జిల్లాలో బోర్లు ఎత్తిపోయాయి. బత్తాయి తోటలకు రైతులు ట్యాంకర్లతో నీళ్లు పోసిన సంగతి తెలిసిందే. బత్తాయి మొక్క పెట్టిన నాలుగైదేళ్లకు గానీ కాపుకు రాదు. ఒక్క ఎండాకాలం తడి తప్పితే చెట్టే పోతుంది, పంట పోవడం కాదు. తండ్రి పెట్టిన తోట అది. కొత్త బోరు వేయాలా, ట్యాంకర్లు కొనాలా, తోట వదిలేయాలా అని ఆయన వారం రోజులు తేల్చుకోలేకపోయారు. బాటసింగారంలో పాత సేటు మళ్లీ రమ్మని కబురు పెట్టాడు.

అప్పుడు ఆమె నోటు పుస్తకం తీసింది. ఊళ్లో వచ్చిన బాకీలు, పెళ్లిళ్ల సీజన్‌లో మాల్ నుంచి తెచ్చుకున్న కుట్టుపని పైసలు కలిపి పోస్టాఫీసులో వేసుకుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేకపోవడంతో ఆమె మాల్ దాకా పోయి బట్టల దుకాణాల పని పట్టుకోగలిగింది. ఆ డబ్బుతో ట్యాంకర్లు కొన్నారు. తోట మొత్తానికి చాలదు కనుక బాగున్న చెట్లు ఏరి వాటికే పాదులు చేసి, ఆకు, గడ్డి కప్పి నీళ్లు పోశారు. మూడో వంతు చెట్లు ఎండాయి. మిగతావి వానల దాకా నిలిచాయి. అప్పటి నుంచి ఆ ఇంట్లో తోట లెక్క, కుట్టు లెక్క ఒకే పుస్తకంలో ఉన్నాయి. పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది.

ఆయన వల్ల ఊరికి జరిగిన మేలు కూడా చెప్పాలి. మార్కెట్లో పదిహేడేళ్లు లెక్కలు రాసినవాడు కనుక తోట దగ్గర కాయ కొనే వ్యాపారి టన్నుకు తరుగు ఎంత తీస్తాడు, ఏ కాయను కావాలని పక్కకు తోస్తాడు, ఆ రోజు మార్కెట్లో ధర ఎంత అన్నది ఆయనకు అరచేతిలో గీతలా తెలుసు. ఇప్పుడు ఊళ్లో సీజన్ కాయ తెంపే ముందు నలుగురు రైతులు ఆయన దగ్గరికి వచ్చి ఫోన్ చేయించుకుంటున్నారు. నలుగురి కాయ కలిపి ఒకే లారీలో వేసుకుని పోయారు కూడా. 'బతకలేక వచ్చిండు' అన్నవారిలో ఇద్దరు ఆ లారీలో ఉన్నారు.

అమ్మాయి 2025లో పది పాసై నల్లగొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. సెలవులకు ఇంటికి వస్తుంది. పట్నం దోస్తులతో ఫోన్లో మాట్లాడేటప్పుడు 'మా ఊరు' అనే మాట వాడుతుందా అని ఈ విలేకరి అడిగితే నవ్వి ఊరుకుంది. తల్లి మాత్రం ఉన్నమాట చెప్పింది. తనకు ఇప్పటికీ సాయంత్రం కాగానే మీర్‌పేట గల్లీ గుర్తొస్తుందట. అయితే పోవాలని లేదట.

ఈ ఏడు ఇంకో రెండు కుటుంబాలు వచ్చే ఆలోచనలో ఉన్నాయి. ఒకటి హయత్‌నగర్ నుంచి, ఒకటి తుర్కయంజాల్ నుంచి. వారు ముందుగా ఈయన దగ్గరికి వచ్చి భూమి, కౌలు, బోరు గురించి అడిగారు. ఆయన ఇంట్లోకి చేయి చూపించారు. ఆమె వారికి చెప్పింది ఒక్కటే. సామాను తేవద్దు, మీ ఇంటి ఆడవారిని, పిల్లలను ఎండాకాలంలో తోలుకొచ్చి ఎనిమిది రోజులు ఉంచండి. నల్లా నీళ్లు వాళ్లనే పట్టమనండి, సాయంత్రం ఆటో కోసం వాళ్లనే నిలబడమనండి. ఆ తరవాత వాళ్లను అడగండి అని.

హయత్‌నగర్ కుటుంబం వచ్చి నాలుగో రోజునే తిరుగు బస్సెక్కింది. తుర్కయంజాల్ ఇల్లాలు ఎనిమిది రోజులూ ఉంది. పోయేటప్పుడు ఇంటి పెంకులు తీయించి రేకులు వేయించాలని, మరుగుదొడ్డి తలుపు బాగుచేయించాలని మరదికి చెప్పి పోయింది. రేకుల బండి మొన్న ఆదివారం దిగింది.